పెరియమేట్‌లో జెర్సీలు కుట్టించాం: షాప్ రివ్యూ, దాంతో పాటు ఆ గొల్టి పేరు పంచాయితీ

ముందే చెప్పేస్తున్నా, చెన్నైలో ఉంటూ టీమ్ జెర్సీల మీద తెలుగు అక్షరాలు వేయించుకోవాలనుకునేవాళ్ళు కళ్ళు మూసుకుని ఈ షాప్‌కి వెళ్ళండి. ఐదుకి నాలుగున్నర ఇస్తా, ఆ అర ఎందుకు తగ్గించానో కింద చెప్తా. షాప్ పేరు మాత్రం రాయట్లేదు, షాపాయనే వద్దన్నాడు, ఉన్నది ఇద్దరు టైలర్లు, ఒక డిజైనర్ కుర్రాడు, ఆర్డర్లన్నీ ఒకేసారి వచ్చి పడితే టైమ్‌కి ఇవ్వలేక మాట పోతుందంట. సెంట్రల్ స్టేషన్‌లో దిగి నెహ్రూ స్టేడియం వైపు నడిస్తే పెరియమేట్‌లో స్పోర్ట్స్ షాపులు వరసగా వస్తాయి కదా, రోడ్డు మీదున్న పెద్ద షాపుల దగ్గర ఆగకుండా పక్క సందులోకి తిరిగి తెలుగు మాట్లాడే జెర్సీ ఆయన ఎక్కడ అని అడిగితే చూపిస్తారు. ఇరుకు మెట్లు, మొదటి అంతస్తు, తలుపు దగ్గర ఫుట్‌బాల్ నెట్లు వేలాడుతుంటాయి.

మాది ఓఎంఆర్ (చెన్నైలో ఐటీ కంపెనీలుండే రోడ్డు) మీద వీకెండ్ టెన్నిస్ బాల్ క్రికెట్ టీమ్. 14 మందిమి, అందులో 13 మంది తెలుగువాళ్ళం, నెల్లూరు గుంటూరు ఖమ్మం శ్రీకాకుళం అన్నీ ఉన్నాయి, కీపర్ ఒక్కడు తమిళ్, మదురై అబ్బాయి. మొదటి ఏడాది మేము టోర్నమెంట్‌కి వెళ్ళినప్పుడు రిజిస్టర్ చేసిన పేరు వేరే, కానీ అవతలి టీమ్ వాడు స్కోరింగ్ యాప్‌లో మ్యాచ్ క్రియేట్ చేస్తూ మా పేరు దగ్గర "గొల్టీస్" అని కొట్టేశాడు, అంతే, ఆ పేరే ఉండిపోయింది, పాయింట్స్ టేబుల్లో అదే, కప్పు ఇచ్చేటప్పుడు మైకులో పిలిచిందీ అదే. చెన్నైలో ఉన్నవాళ్ళకి ఈ మాట కొత్తగా చెప్పక్కర్లేదు, తెలుగువాళ్ళని ఇక్కడ పిలిచే పేరు, తెలుగు అన్న మాటని తిరగేసి చేసిందని అందరూ అంటారు, కాలేజీ హాస్టళ్ళలో గుల్టీ, లోకల్‌లో గొల్టి. కొందరు ప్రేమగా పిలుస్తారు, కొందరి నోట్లో అదే మాట ఉమ్మినట్టు ఉంటుంది, వినగానే మనకి తెలిసిపోతుంది ఏదో.

ఈసారి జెర్సీలు అనుకున్నప్పుడు మా ఓపెనర్ ఐడియా ఇచ్చాడు. వాడు ఎమ్మెస్ ఇండియానాలో చేశాడు, అక్కడ కాలేజ్ ఫుట్‌బాల్ పిచ్చి పట్టి నోటర్ డేమ్ యూనివర్సిటీ హుడీ ఒకటి తెచ్చుకున్నాడు, ఆకుపచ్చది, ఛాతీ మీద "ఫైటింగ్ ఐరిష్", పక్కన టోపీ గడ్డం ఉన్న చిన్న మనిషి పిడికిళ్ళు బిగించి కొట్టడానికి రెడీగా నిలబడి ఉంటాడు, ఆ బొమ్మ పేరు లెప్రికాన్. వీడి వాదన ఏంటంటే, ఐరిష్ వాళ్ళని కూడా ఒకప్పుడు తిట్టడానికే ఆ పేరుతో పిలిచారు, వాళ్ళు ఆ తిట్టుని ఎత్తుకుని ఛాతీ మీద వేసుకున్నారు, ఇప్పుడు దాని మీద హుడీలు అమ్ముకుంటున్నారు, మనం కూడా "ఫైటింగ్ గొల్టీస్" అని వేసుకుందాం అని. నాకు భలే నచ్చింది. గ్రూప్‌లో అందరికీ నచ్చింది. వాడే బొమ్మ కూడా గీయించాడు, ఎగ్గట్టిన పంచె, తలపాగా, మెలితిప్పిన మీసాలు, పళ్ళ మధ్య ఎర్ర మిరపకాయ, లెప్రికాన్ లాగే పిడికిళ్ళు.

శనివారం పొద్దున నలుగురం షాప్‌కి వెళ్ళాం. షాపాయనకి అరవై దాటి ఉంటాయి, వాళ్ళ తాతల కాలం నుంచి ఇక్కడే, తెలుగులో మాట కలిపేసరికి మాకు ప్రాణం లేచొచ్చింది. బట్ట చూపించే పద్ధతి చాలా బాగుంది, ఊరికే ఫోటోలు చూపించి మాట్లాడటం కాదు, తిరుప్పూర్ నుంచి వచ్చిన డాట్ నిట్ గుడ్డ మూడు రకాలు టేబుల్ మీద పరిచి ఒక్కోదాన్నీ ట్యూబ్‌లైట్‌కి అడ్డం పట్టి చూడమన్నాడు, పల్చటిది చెమటకి ఒంటికి అతుక్కుంటుందని, మందంది మే నెలలో ఉడికిస్తుందని, మధ్యలోది తీసుకోమని తనే చెప్పాడు, నిజానికి మందందే రేటు ఎక్కువ. సబ్లిమేషన్ ప్రింట్ అంటే ఏంటో మా కుర్రాళ్ళకి ఓపిగ్గా చెప్పాడు, ముందు కాగితం మీద ప్రింట్ తీసి దాన్ని గుడ్డ మీద పెట్టి వేడి రోలర్‌లోకి పంపితే రంగు గుడ్డ పోగుల్లోకే దిగిపోతుంది, స్టిక్కర్ ప్రింట్ లాగా నాలుగు ఉతుకులకి పెచ్చులు లేవదు, ఆ తర్వాతే ముక్కలు కట్ చేసి కుడతారు.

అంతా అయ్యాక పెన్‌డ్రైవ్‌లో డిజైన్ ఓపెన్ చేశారు. ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని చాలాసేపు చూశాడు. "ఈ పేరు ఎవరు పెట్టారు బాబూ, మీరేనా, ఎవరన్నా పెట్టారా?" అన్నాడు. మావాడు హుడీ కథ మొత్తం చెప్పాడు. ఆయన విని, "సరే, మరి ఆ దేశంలో వాళ్ళని అడిగే పెట్టారా? ఆ బొమ్మ గీసింది వాళ్ళేనా?" అని అడిగాడు. మాలో ఎవరికీ జవాబు రాలేదు. ఆయన ఆర్డర్ వద్దనలేదు, ఒక శాంపిల్ పీస్ వేసిస్తా, డబ్బులు వద్దు, ఇంటికి తీసుకెళ్ళి టీమంతా వేసుకుని చూడండి, అప్పుడు చెప్పండి అన్నాడు. 14 జెర్సీల ఆర్డర్‌కి ఫ్రీగా శాంపిల్ ఎవరిస్తారు చెప్పండి, నేను అంతకుముందు రెండు షాపుల్లో అడిగితే మొహం కూడా ఎత్తలేదు.

ఆ ప్రశ్న నన్ను వదల్లేదు, వారం రోజులు రాత్రిళ్ళు అదే చదివాను. నోటర్ డేమ్‌ని 1842లో పెట్టింది అసలు ఐరిష్ వాళ్ళే కాదు, ఫ్రాన్స్ నుంచి వచ్చిన సోరిన్ అనే ఫాదర్, పేరు కూడా ఫ్రెంచే. అక్కడ ఐర్లాండ్‌లో 1845 నుంచి బంగాళాదుంప పంట కుళ్ళిపోయి కరువొచ్చి దాదాపు 10 లక్షల మంది చచ్చిపోతే అంతకన్నా ఎక్కువమందే దేశం వదిలేసి పోయారు, అట్లా అమెరికా చేరినవాళ్ళని అక్కడ మనుషుల్లాగా చూడలేదు, ఉద్యోగం ప్రకటనల్లో ఐరిష్ వాళ్ళు రావక్కర్లేదని అచ్చేసేవాళ్ళు, పత్రికల కార్టూన్లలో కోతి మొహాలు పెట్టి చేతిలో సారా సీసా ఇచ్చి ఎప్పుడూ కొట్లాడుతున్నట్టు గీసేవాళ్ళు. దానికి తోడు క్యాథలిక్కులని ఇంకో కోపం. ఆ క్యాథలిక్ పిల్లలు చదువుకోవడానికి చేరిన కాలేజీల్లో ఇదొకటి. ఫైటింగ్ ఐరిష్ అన్న పేరు ఎట్లా పుట్టిందనేదానికి రెండు మూడు కథలున్నాయి, అమెరికా సివిల్ వార్‌లో ఐరిష్ బ్రిగేడ్ అనే సైనిక దళంతో పాటు యుద్ధభూమిలో ఉన్న కోర్బీ అనే ఫాదర్ తర్వాత ఈ యూనివర్సిటీకే ప్రెసిడెంట్ అయ్యాడు కాబట్టి అక్కడి నుంచి వచ్చిందని ఒకటి, 1899లో నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీతో మ్యాచ్‌లో అవతలి జనం తిడుతూ అరిచారని ఇంకోటి. అచ్చం మా స్కోరింగ్ యాప్ సంగతే, అవతలివాడు కొట్టిన పేరు.

నాకు బాగా పట్టింది మాత్రం 1924. ఆ ఏడాది మే నెలలో కు క్లక్స్ క్లాన్ వాళ్ళు, అంటే నల్లవాళ్ళనీ క్యాథలిక్కులనీ ద్వేషించే తెల్లవాళ్ళ ముఠా, సభ పెట్టుకోవడానికి ఆ కాలేజీ పక్కనున్న సౌత్ బెండ్ ఊరికి దిగితే స్టూడెంట్లు వీధుల్లోకొచ్చి తిరగబడ్డారు. అదే ఏడాది ఫుట్‌బాల్ టీమ్ ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు. న్యూయార్క్‌లో ఆ కాలేజీ గడప తొక్కని కూలీనాలీ క్యాథలిక్ జనం కూడా ఆ టీమ్‌ని మాది అనుకున్నారు, వాళ్ళని సబ్‌వే అలుమ్ని అనేవాళ్ళంట, అంటే మెట్రో ఎక్కి మ్యాచ్‌కొచ్చే పూర్వ విద్యార్థులన్నమాట, చదవని కాలేజీకి. ఇది చదివినప్పుడు నాకు గొంతు పట్టేసింది నిజంగా, ఊరుగాని ఊళ్ళో మనవాళ్ళు గెలిస్తే ఎట్లా ఉంటుందో తెలుసు కాబట్టి. ఆ తర్వాత 1927లో వాల్ష్ అనే ప్రెసిడెంట్ ఆ పేరుని అఫీషియల్ చేశాడు. అంటే తిట్టు విన్నవాళ్ళే లోపల కూర్చుని, వాళ్ళ చేత్తో వాళ్ళు సంతకం పెట్టారు. అప్పటి కోచ్ రాక్నీ నార్వేలో పుట్టినవాడు, టీమ్‌లో అందరూ ఐరిష్ కాదు, అయినా ఆ పేరు కిందే ఆడారు.

బొమ్మ కథ వేరు. మొదట్లో వాళ్ళ మస్కట్, అంటే టీమ్ గుర్తు, ఐరిష్ టెర్రియర్ జాతి కుక్క, లెప్రికాన్ అఫీషియల్‌గా వచ్చింది 1965లో. ఐర్లాండ్ జానపద కథల్లో లెప్రికాన్ అంటే ఒంటరిగా కూర్చుని చెప్పులు కుట్టుకునే మరుగుజ్జు, బంగారం కుండ దాచుకుంటాడు, వాడు ఎవరి మీదకీ పిడికిళ్ళు బిగించుకుని పోడు. ఆ పిడికిళ్ళు నా లెక్కలో ఆ పాత కార్టూన్ల నుంచి వచ్చినవే, పేరుని వాళ్ళు తీసుకున్నారు కానీ బొమ్మ దగ్గరికొచ్చేసరికి తిట్టినవాడి కళ్ళతో గీసుకున్నారు అనిపించింది. ఇది నా అభిప్రాయం, ఒప్పుకోని ఐరిష్ అమెరికన్లు లక్షల్లో ఉంటారు, ఆ టీమ్ 1996, 2012, 2023లో ఐర్లాండ్ రాజధాని డబ్లిన్ వెళ్ళి అమెరికా నేవీ అకాడమీ టీమ్‌తో ఆడింది కూడా, కానీ నాకు మాత్రం హుడీ మీద బొమ్మ చూస్తే ఇప్పుడు అదే కనపడుతుంది.

మళ్ళీ ఆదివారం గ్రౌండ్‌లో శాంపిల్ జెర్సీ చేతులు మారింది. ప్రింట్ అద్భుతంగా వచ్చింది, మిరపకాయ ఎరుపు కూడా నీట్‌గా, ఎక్కడా రంగు కారలేదు. అందరూ వేసుకుని ఫోటోలు దిగాం. కీపర్ వేసుకుని నవ్వుతూ ఒక మాటన్నాడు, వాడికి తెలుగు వచ్చు, "సరే బ్రో, మీరు మమ్మల్ని అరవోళ్ళు అంటారు కదా, అది కూడా ఒక జెర్సీ వేద్దామా?" అని. ఒక్కసారిగా అందరం సైలెంట్. నిజమే కదా, మా ఇళ్ళలో అరవోళ్ళు అన్న మాట పొద్దున్నుంచి సాయంత్రం దాకా నడుస్తుంది, ఒక్కరోజు కూడా అది ఎదుటివాడికి ఎట్లా వినిపిస్తుందో ఆలోచించలేదు. నేను వాడికి సారీ చెప్పాను, మనస్ఫూర్తిగానే. తర్వాత షాపాయనకి ఇది చెప్తే, తిరుపతిలో వాళ్ళ అత్తగారి వైపువాళ్ళు ఆయన్ని అరవోడు అనే పిలుస్తారంట, ఇక్కడేమో గొల్టి, 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు వాళ్ళ తాత మద్రాసు వదిలి కదలనన్నాడంట, "రెండు పక్కలా రెండు పేర్లు బాబూ మాకు" అన్నాడు.

ఇంక బాబాయ్ సంగతి. మా టీమ్‌లో అందరికన్నా పెద్ద, 53 ఏళ్ళు, ఇప్పటికీ స్పిన్ వేస్తే బాల్ తిరుగుతుంది, సొంత బాబాయ్ కాదు కానీ అందరం అట్లానే పిలుస్తాం. ఆయన శాంపిల్ వేసుకోలేదు. చేతిలో పట్టుకుని మడత పెట్టి నాకు ఇచ్చేశాడు. "మీరు వేసుకోండిరా, నేను తెల్ల టీషర్ట్‌లో ఆడతా" అన్నాడు. ఏంటి బాబాయ్ అని కూర్చోబెట్టి అడిగితే అప్పుడు చెప్పాడు, తొంభైల్లో నాయుడుపేట నుంచి పనికోసం వచ్చి ట్రిప్లికేన్‌లో ఒక మాన్షన్‌లో, అంటే బ్యాచిలర్ల లాడ్జిలో, మూడేళ్ళు ఉన్నాడు, రూమ్‌లో నలుగురు, ఆ మూడేళ్ళలో ఆ బిల్డింగ్‌లో ఒక్కరు కూడా ఆయన్ని పేరు పెట్టి పిలవలేదు. ఇంటి నుంచి ఉత్తరం వస్తే కింద నుంచి వాచ్‌మన్ "గొల్టీ, లెటర్" అని కేకేసేవాడంట, కవర్ మీద వాళ్ళ నాన్న చేత్తో రాసిన పేరు ఉండేది, దాన్ని ఎవరూ చదివేవాళ్ళు కాదు. "వాళ్ళు చెడ్డోళ్ళు కాదురా, నాకు జ్వరమొస్తే గంజి కాచి పెట్టారు, కానీ పేరు మాత్రం పిలవలేదు" అన్నాడు. ఇది చెప్తున్నంతసేపూ జెర్సీ మీద ఆ మిరపకాయని బొటనవేలితో రుద్దుతూనే ఉన్నాడు.

ఆ రోజు మా ఓపెనర్‌కీ నాకూ పెద్ద వాదన. వాడేమో 13 మంది ఓకే అంటే ఒక్కరి కోసం ఆపుతామా, మెజారిటీ కదా అన్నాడు. నాకు అప్పుడు చదివిన ఇంకో సంగతి గుర్తొచ్చి చెప్పాను. అమెరికాలో కాలేజ్ స్పోర్ట్స్ నడిపే ఎన్‌సీఏఏ 2005లో ఒక రూల్ పెట్టింది, అక్కడి ఆదివాసీ జాతుల పేర్లు, బొమ్మలు కించపరిచేలా వాడే కాలేజీలు చాంపియన్‌షిప్ పోటీల్లో వాటిని చూపించకూడదు అని. ఫ్లోరిడా స్టేట్ వాళ్ళు సెమినోల్స్ అన్న పేరు నిలబెట్టుకున్నారు ఎందుకంటే ఫ్లోరిడాలో ఉన్న సెమినోల్ తెగ మాకు ఇష్టమే అని చెప్పింది. నార్త్ డకోటా యూనివర్సిటీకి ఫైటింగ్ సూ అని పేరుండేది, వాళ్ళని సూ అనే ఆదివాసీ తెగలు రెండింటినీ అడగమన్నారు, స్పిరిట్ లేక్ వాళ్ళు 2009లో ఓటేసి సరే అన్నారు, స్టాండింగ్ రాక్ వాళ్ళ నుంచి ఆ మాట రాలేదు. చివరికి 2012లో ఆ పేరు తీసేశారు, 2015లో ఫైటింగ్ హాక్స్ అయ్యారు. చూశావా, సగం మంది సరే అన్నా సరిపోలేదు అన్నాను. వాడు అది వేరు ఇది వేరు, వాళ్ళ భూములు లాక్కున్నారు మనకి అంత అన్యాయం జరగలేదు అన్నాడు, అదీ నిజమే, నేను కాదనను, తెలుగువాళ్ళం ఇక్కడ కొత్తగా వచ్చిన కరువు జనం కూడా కాదు, 2011 లెక్కల్లో తమిళనాడులో తెలుగు మాతృభాష అని రాయించుకున్నవాళ్ళు 40 లక్షల పైనే. కానీ బాబాయ్‌కి ఆ మాట వింటే మాన్షన్ మెట్లు గుర్తొస్తుంటే, దాన్ని ఆయన పక్కనే నిలబడి ఛాతీ మీద వేసుకుని నేను ఆడలేను. నాకు ఆ పేరుతో ఏ నొప్పీ లేదు, మా హాస్టల్‌లో మేమే ఒకళ్ళనొకళ్ళం అట్లా పిలుచుకున్నాం, ఇప్పటికీ ఎవరైనా ఫ్రెండ్ పిలిస్తే పలుకుతా. దెబ్బ తగిలింది ఆయనకి కాబట్టి సంతకం పెట్టాల్సింది కూడా ఆయనే అని నాకనిపించింది. వాడు రెండు రోజులు నాతో మాట్లాడలేదు, మూడో రోజు వాడే బాబాయ్‌కి ఫోన్ చేసి ఛాతీ మీద ఏం రాయిద్దాం చెప్పు అని అడిగాడు. బాబాయ్ అంతగా ఆలోచించకుండా "మనల్ని మనం ఏమనుకుంటాంరా, తెలుగోళ్ళం అనుకుంటాం, అదే రాయించు" అన్నాడు.

సో ఫైనల్ ఆర్డర్: ముదురు నీలం, ఛాతీ మీద పసుపు రంగులో "తెలుగోళ్ళు", బొమ్మ లేదు, వెనక ఎవరి పేరు వాళ్ళ భాషలో, కీపర్‌ది తమిళంలో. ఇక్కడే ఈ షాప్ అసలు గొప్పతనం. చెన్నైలో తెలుగు ప్రింటింగ్ చేయించినవాళ్ళకి తెలుసు, డిజైనింగ్ సాఫ్ట్‌వేర్‌లో పేస్ట్ చేయగానే ఒత్తులు విడిపోయి పక్కన పడతాయి, గుడి దీర్ఘం ఎక్కడో గాల్లో తేలుతుంది, ఆపరేటర్‌కి భాష రాదు కాబట్టి అట్లాగే ప్రింట్ కొట్టేస్తాడు, మా కొలీగ్ పెళ్ళి బ్యానర్ వేరే చోట అట్లా తగలబడింది. ఇక్కడ డిజైనర్ కుర్రాడు తమిళ్ అయినా షాపాయన పక్కన కుర్చీ వేసుకుని అను ఫాంట్స్ అనే తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో పేరూ తనే కొట్టించాడు, ప్రతి పేరూ పైకి చదివి మా వైపు చూసి అవునా అని అడిగి మరీ ఓకే చేశాడు. బాబాయ్ పేరులో రెండు ఒత్తులున్నాయి, రెండోది మొదట కాస్త కిందకి జారి నంబర్‌ని తాకుతోంది, మేమెవరం గమనించలేదు, షాపాయనే స్క్రీన్ మీద వేలు పెట్టి "ఇది పైకి జరుపు" అని, మళ్ళీ సరిపోక, నంబర్‌నే అర అంగుళం కిందకి దించాడు. జెర్సీలు వచ్చిన రోజు బాబాయ్ ముందు వైపు చూడనే లేదు, తిప్పి వెనక పేరు చదువుకున్నాడు, మెల్లగా, అక్షరం అక్షరం.

రేటు ఒక్కోటి 380 పడింది, రౌండ్ నెక్ అయితే 350, పేరు నంబర్‌కి ఎక్స్‌ట్రా లేదు. సగం అడ్వాన్స్, జీపే ఓకే. ఇప్పటికి ఎనిమిది ఉతుకులు అయ్యాయి, రంగు చెక్కు చెదరలేదు, చంక దగ్గర కుట్టు గట్టిగానే ఉంది.

ఇప్పుడు తగ్గించిన అర మార్కు. చెప్పిన రోజుకి నాలుగు రోజులు లేట్ అయ్యింది, ఒక టైలర్‌కి ఒంట్లో బాలేదన్నారు, సరే, కానీ ఫోన్ చేసి చెప్పొచ్చు కదా, మేము శుక్రవారం సాయంత్రం ట్రాఫిక్‌లో ఓఎంఆర్ నుంచి అంత దూరం వచ్చి ఖాళీ చేతుల్తో వెళ్ళాం. రెండోది సైజులు, వాళ్ళ ఎల్ మన మామూలు ఎమ్ అంత ఉంటుంది, చార్ట్ చూసి ఇవ్వకుండా మీకు సరిపోయే పాత టీషర్ట్ ఒకటి పట్టుకెళ్ళండి, మాకు రెండు జెర్సీలు బిగుతైతే పక్కలు విప్పి సరిచేసి ఇచ్చారు, డబ్బులు తీసుకోలేదు కానీ ఇంకో ట్రిప్ అయ్యింది. పార్కింగ్ అసలు లేదు, మెట్రోలో రండి. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు భోజనానికి మూసేస్తారు, పేర్లు మాత్రం వాట్సాప్‌లో కాకుండా కాగితం మీద చేత్తో రాసి తీసుకెళ్ళండి, ఆయన అది చూసే కొట్టిస్తాడు.